వంగిన అక్షరం వేరు, వంచిన అక్షరం వేరు

నా బల్ల మీద ఒకే శుభలేఖకు సంబంధించిన ప్రూఫులు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లీషు. ఇంగ్లీషు వైపు పెళ్లికూతురి పేరు, దాని కింద పెద్ద 'అండ్' గుర్తు, ఆ కింద పెళ్లికొడుకు పేరు. మూడూ బోల్డ్ ఇటాలిక్‌లో, అంటే లావుగా, వాలుగా ఉన్నాయి. గీతల చివర సెరిఫ్ అనే చిన్న పాదాలున్న అక్షరాలు అవి. మొదటి ప్రూఫు చూడగానే ఏదో తేడా కొడుతుంది. పెళ్లికూతురి పేరులో నాలుగుసార్లు వచ్చే చిన్న 'ఎ' (a), నిటారుగా నిలబడ్డ మనిషిని పక్కనుంచి ఎవరో తోసినట్టు ఉంది. రెండో ప్రూఫులో అదే 'ఎ' తనంతట తాను ముందుకు వంగి నడుస్తోంది.

రెండింటిలోనూ ఫాంట్ పేరు ఒకటే. తేడా ఎక్కడంటే, మొదటి ప్రూఫు చేసిన కంప్యూటర్‌లో ఆ ఫాంట్ మామూలు రూపం మాత్రమే ఉంది. ఆపరేటర్ పేరు సెలెక్ట్ చేసి బోల్డ్ కోసం 'బి' నొక్కాడు, ఇటాలిక్ కోసం 'ఐ' నొక్కాడు. సాఫ్ట్‌వేర్ అక్షరాలను లావు చేసి, పక్కకి వాల్చి ఇచ్చేసింది. రెండో ప్రూఫుకి అసలైన బోల్డ్ ఇటాలిక్ ఫైలు వేసుకున్నాం. అందులోని ప్రతి అక్షరాన్నీ ఒక డిజైనర్ కూర్చుని మళ్లీ మొదటి నుంచి గీశాడు. పదిహేనేళ్లుగా పేజీలు కడుతున్న నాకు కూడా ఈ రెండింటి మధ్య దూరం ఎంతో అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. బోల్డ్ ఇటాలిక్ అంటే మామూలు అక్షరానికి బరువు, వాలు కలిపిన మొత్తం అనుకునేవాణ్ణి. అది మూడో అక్షరం. దానికి వేరే పుట్టుక ఉంది.

ముందు ఇటాలిక్ సంగతి. ఇటాలిక్ అంటే వాలు అక్షరం అనుకుంటాం కానీ అది పుట్టింది వాలు కోసం కాదు. 1500 ప్రాంతంలో వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ అనే ముద్రాపకుడి దగ్గర ఫ్రాన్సెస్కో గ్రిఫో అనే పంచ్‌కట్టర్, అంటే అచ్చక్షరాల మూలరూపాలు చెక్కే పనివాడు ఉండేవాడు. ఆ కాలపు పండితులు, కచేరీ రాయసగాళ్లు త్వరత్వరగా రాసుకునే చేతిరాతను అతను ఉక్కులో చెక్కాడు. 1501లో ఆల్డస్ వర్జిల్ కావ్యాలను చిన్న సైజు పుస్తకంగా, మొత్తం ఆ అక్షరాల్లోనే అచ్చు వేశాడు. ఏదో ఒక మాటను నొక్కి చెప్పడానికి కాదు, పుస్తకమంతా అదే. అందులో పెద్దక్షరాలు నిటారుగానే ఉండేవి, వంగినవి చిన్నక్షరాలు మాత్రమే. పుస్తకం మధ్యలో ఒక మాటను ఇటాలిక్‌లో పెట్టి వేరు చేసే అలవాటు తర్వాత వచ్చింది.

అంటే ఇటాలిక్‌కి మూలం చెయ్యి వేగం. చెయ్యి వేగంగా కదిలితే ఏమవుతుంది? చిన్న 'ఎ' నెత్తి మీద ఉండే గొడుగు పోతుంది, ఎందుకంటే దాన్ని గీయడానికి కలం ఇంకోసారి తిప్పాలి. 'ఎఫ్' కాలు గీతకింది దాకా జారుతుంది. 'ఎన్'లో మొదటి నిలువు గీత అడుగు నుంచే రెండో గీత లేచి వస్తుంది, కలం ఎత్తరు. సెరిఫ్ అంటే గీత చివర అడ్డంగా కూర్చునే చిన్న పాదం. ఇటాలిక్‌లో ఆ పాదం అడ్డంగా ఉండదు, వచ్చేటప్పుడు ఒక కొక్కెం, వెళ్లేటప్పుడు ఒక కొక్కెం అవుతుంది. అక్షరం కాస్త ఇరుకవుతుంది. ఇవన్నీ జరుగుతుంటే పనిలో పనిగా వాలు కూడా వస్తుంది. మొదటి ప్రూఫులోని 'ఎ' గొడుగు నెత్తిన పెట్టుకునే వాలింది. కన్ను పట్టుకున్న తేడా అదే.

బోల్డ్‌ది పూర్తిగా వేరే వంశం. దానికి చేతిరాతతో చుట్టరికం లేదు, అది వీధిలో పుట్టింది. 1800 తర్వాత లండన్‌లో గోడలకి అంటించే ప్రకటనలు పెరిగాయి. అందులో లాటరీ టికెట్ల ప్రకటనలది పెద్ద వాటా. పుస్తకాల కోసం పోతపోసిన అక్షరాలు ఎంత పెద్దవి చేసినా వీధి అవతల నుంచి కనబడేవి కావు. రాబర్ట్ థోర్న్ అనే అచ్చక్షరాల పోతదారు నిలువు గీతల్ని ఊహకందనంత లావు చేశాడు. సన్నగీతల్ని మాత్రం వెంట్రుకలా అలాగే వదిలేశాడు. వీటికి ఫ్యాట్ ఫేస్ అని పేరు. ముద్రణ గురించి 1825లో పెద్ద గ్రంథం రాసిన హాన్సర్డ్ కూడా, ఈ లావు అక్షరాల వాడకం ముఖ్యంగా థోర్న్ వల్లే వచ్చిందని రాశాడు. 1820లో థోర్న్ చనిపోయాక అతని ఫౌండ్రీని వేలంలో కొన్నది విలియం థోరోగుడ్. అంతకుముందు అతనికి పోత పనితో సంబంధం లేదు. లాటరీలో గెలిచిన డబ్బుతో కొన్నాడు. లాటరీ ప్రకటనలు ఏ అక్షరాలతో వీధుల్ని నింపాయో, ఆ అక్షరాల కార్ఖానా చివరికి ఒక లాటరీ విజేత చేతికే వెళ్లింది. థోరోగుడ్ పేరు మీద ఇప్పటికీ దొరికే ఫ్యాట్ ఫేస్ ఇటాలిక్ చూస్తే, మనం ఇవాళ శుభలేఖల మీద, ఫ్యాషన్ పత్రికల మీద చూసే బోల్డ్ ఇటాలిక్‌కి ముత్తాత అదేనని తెలిసిపోతుంది.

మామూలు పుస్తకంలో వాడుకునే జతగా బోల్డ్ రావడానికి ఇంకొంత కాలం పట్టింది. అదే ఫౌండ్రీ నుంచి 1845లో రాబర్ట్ బెస్లీ తెచ్చిన క్లారెండన్ ఆ దారి వేసింది. నిఘంటువుల్లో అర్థం ఇచ్చే మాట లావుగా, అర్థం మామూలుగా కనిపించే పద్ధతికి అలాంటి అక్షరమే కావాలి. రోమన్ (మామూలు నిటారు అక్షరం), ఇటాలిక్, బోల్డ్, బోల్డ్ ఇటాలిక్ అని నలుగురు అన్నదమ్ముల్లా ఒకే కుటుంబంగా గీయడం ఇంకా తర్వాతి మాట. 20వ శతాబ్దం మొదట్లో అమెరికన్ టైప్ ఫౌండర్స్ అనే సంస్థలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ లాంటివాళ్లు ఆ పద్ధతిని స్థిరపరిచారు. బోడోనీ అక్షరాలను అతిలావుగా మార్చిన అల్ట్రా బోడోనీ, దాని ఇటాలిక్ 1928 నాటివి. పార్మా నగరంలో జీవితమంతా సన్నగీతల అందం కోసం తపించిన జంబాటిస్టా బోడోనీ 1813లోనే పోయాడు. తన పేరుతో అంత లావు అక్షరం తిరుగుతుందని ఆయన ఊహించి ఉండడు.

కాబట్టి బోల్డ్ ఇటాలిక్‌లో రెండు స్వభావాలు పెనవేసుకుని ఉన్నాయి. చెవిలో చెప్పినట్టు త్వరగా సాగిపోయే రాత ఒకటి, వీధి మొగన నిలబడి వేసే కేక ఇంకొకటి. డిజైనర్‌కి కష్టం అక్కడే మొదలవుతుంది. వేగంగా సాగాలంటే అక్షరం తేలిగ్గా ఉండాలి. కేక వేయాలంటే సిరా ఎక్కువ కావాలి. ఇటాలిక్ అసలే ఇరుకు. అందులో నిలువు గీతని లావు చేస్తే లోపలి ఖాళీ మూసుకుపోతుంది. ఖాళీ కోసం వెడల్పు చేస్తే ఇటాలిక్ నడక పోతుంది. మంచి బోల్డ్ ఇటాలిక్‌లో ఈ బేరం ప్రతి అక్షరంలోనూ విడిగా కుదుర్చుకున్నదే. 'ఎమ్'లో మూడు నిలువు గీతలు ఉంటాయి కాబట్టి వాటిని 'ఎన్' గీతల కంటే కొంచెం సన్నం చేస్తారు. గీత గీతలో కలిసే మూల దగ్గర సిరా ముద్దకట్టకుండా సందుని లోతుగా కోస్తారు.

'ఓ' అక్షరం ఒక్కటి దగ్గరగా పెట్టుకుని చూద్దాం. సాఫ్ట్‌వేర్ వాల్చడమంటే ఏమిటి? కట్టగా పేర్చిన పేకముక్కల మీద ఒక గుండ్రం గీసి, ఆ కట్టని పైనుంచి కుడికి జరపండి. గుండ్రం సాగుతుంది. కుడి పైమూల, ఎడమ కిందిమూల లావెక్కుతాయి. ఎడమ పైమూల, కుడి కిందిమూల సన్నబడతాయి. ఒకేలా ఉన్న గీత ఒక్కో చోట ఒక్కో రకంగా కనిపిస్తుంది. నిలువు గీత సంగతి వేరు, దానికి లెక్క ఉంది. 15 డిగ్రీలు వాలిస్తే దాని అసలు మందం సుమారు 3.4 శాతం తగ్గుతుంది, 20 డిగ్రీలకి 6 శాతం. అడ్డగీత మందం ఏమీ మారదు. అంటే బరువు కావాలని బోల్డ్ నొక్కి, తర్వాత ఇటాలిక్ నొక్కితే, ఎక్కడ బరువు ఉండాలో అక్కడ కొంత పోతోంది, ఎక్కడ అక్కర్లేదో అక్కడ చేరుతోంది. చేత్తో గీసే డిజైనర్ కూడా చాలాసార్లు ఈ వాల్చిన బొమ్మతోనే మొదలుపెడతాడు. తర్వాత ఉబ్బిన మూలల్ని చెక్కి, నలిగిన మూలల్ని నింపి, గుండ్రాన్ని మళ్లీ ఒంట్లోకి తెస్తాడు. ఆ తర్వాతే అది 'ఓ' అవుతుంది.

బోల్డ్ బటన్ చేసే పని ఇంకా మొరటుది. అది అక్షరం చుట్టూ అంచు మీద ఒకే మందంలో పొర వేస్తుంది. సన్నగీతకీ అంతే, లావుగీతకీ అంతే. సన్నం-లావు తేడాయే ప్రాణంగా ఉన్న సెరిఫ్ అక్షరానికి అది పెద్ద దెబ్బ. నిజమైన బోల్డ్‌లో బరువంతా లావుగీతలకే చేరుతుంది, సన్నగీతకి ఏదో కాస్త చేరుతుంది.

సీసపు అక్షరాల రోజుల్లో ఇటాలిక్‌కి ఇంకో బాధ ఉండేది. ఒక్కో అక్షరం దీర్ఘచతురస్రపు సీసం దిమ్మె మీద ఉంటుంది. వాలిన అక్షరం తల దిమ్మె దాటి పక్క అక్షరం మీదికి వేలాడుతుంది. ఆ వేలాడే ముక్కనే కర్న్ అంటారు. ఇవాళ కంప్యూటర్‌లో అక్షరాల మధ్య సందు సరిచేయడాన్ని కర్నింగ్ అనడం అక్కడి నుంచే వచ్చింది. పెద్ద సైజు ఇటాలిక్‌లో ఈ ముక్క పొడుగు, బిగించేటప్పుడు విరిగిపోయేది. శీర్షికల పంక్తులు పోతపోయడానికి షికాగోలో తయారైన లడ్లో యంత్రం దీనికి చక్కని ఉపాయం చూపింది. ఇటాలిక్ అచ్చుల్నే 17 డిగ్రీలు ఏటవాలుగా తయారుచేసి, వాటిని పేర్చే కర్రని కూడా అదే కోణంలో చేశారు. అక్షరం వాలులోనే దిమ్మె వాలు ఉంటే వేలాడే ముక్కే ఉండదు. పత్రికల శీర్షికల్లో పెద్ద ఇటాలిక్ ధైర్యంగా కనిపించడానికి ఇలాంటి యంత్రాలు తోడ్పడ్డాయి. నాకు ఇది టైపు చరిత్రలోని అందమైన పరిష్కారాల్లో ఒకటి అనిపిస్తుంది. అక్షరాన్ని పెట్టెకి తగ్గట్టు నరకలేదు, పెట్టెనే అక్షరం వైపు వంచారు.

వెంట్రుకలాంటి సన్నగీత విరిగే, మాయమయ్యే సమస్యకి ఇంకో దారి కూడా ఉందని చూపినవాడు ఆస్వాల్డ్ కూపర్. అతనిదీ షికాగోనే. 1922లో వచ్చిన కూపర్ బ్లాక్‌లో సెరిఫ్‌లు పదునుగా ఉండవు, ఉబ్బి, కరిగి, అక్షరం ఒంట్లో కలిసిపోతాయి. దాని ఇటాలిక్ కొన్నేళ్లలో వచ్చింది. వెంట్రుక గీతే లేదు కాబట్టి విరిగేదీ లేదు, మాయమయ్యేదీ లేదు. ఇంత బరువు మోస్తూ కూడా అది తిండి తిని హాయిగా ఒరిగిన మనిషిలా ఉంటుంది. మిఠాయి కొట్టు బోర్డుకి, పిల్లల పుస్తకానికి నేను ఈ జాతివే ఎంచుతాను. నగల దుకాణానికి, పెళ్లికి, ఫ్యాషన్‌కి మాత్రం పదునైన ఫ్యాట్ ఫేస్ జాతే నప్పుతుంది. మొదటిది నోరూరిస్తుంది, రెండోది మెరుస్తుంది. రెండూ బోల్డ్ ఇటాలిక్ సెరిఫ్‌లే అయినా ఒకదాని బదులు ఇంకోటి పెడితే పని చెడుతుంది.

తర్వాత ఫోటో టైప్‌సెట్టింగ్ వచ్చి సీసం దిమ్మెల్నే తీసేసింది. అక్షరాలు ఫిల్మ్ మీది నీడలయ్యాయి, ఒకదాని మీదికి ఒకటి ఎంతైనా జరగొచ్చు. 1970లో న్యూయార్క్‌లో మొదలైన ఐటీసీ అనే అక్షరాల డిజైన్ల సంస్థ ఈ స్వేచ్ఛని పూర్తిగా వాడుకుంది. ఎడ్ బెంగ్విట్ 1975లో గీసిన ఐటీసీ బుక్‌మన్‌లో తోకలు, చుట్లు తిరిగే అక్షరాలు బోలెడు. ఆ దశాబ్దపు ప్రకటనల్లో అక్షరాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ బిగుతుగా కనిపించడానికి కారణం ఇదే.

ఇవాళ మన చేతికి తేలిగ్గా, ఉచితంగా అందే ఉదాహరణ ప్లేఫెయిర్ డిస్‌ప్లే. డెన్మార్క్‌కి చెందిన క్లాస్ ఎగ్గెర్స్ సోరెన్సెన్ గీశాడు, 2011 నుంచి గూగుల్ ఫాంట్స్‌లో ఉంది. ఏ ఒక్క పాత అక్షరానికీ నకలు కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ ముద్రాపకుడు జాన్ బాస్కర్‌విల్ చేసిన అక్షరాల నుంచి, ఆ తర్వాతి స్కాచ్ రోమన్ అనే రకం అక్షరాల నుంచి స్ఫూర్తి తీసుకున్నది. పక్షి ఈక కలం పోయి, మొన పదునైన ఉక్కు పాళీ వస్తున్న కాలం అది. పాళీని నొక్కితే లావు, వదిలితే సన్నం. ఆ నొక్కుడూ ఆ వదులుడూ ప్లేఫెయిర్ బోల్డ్ ఇటాలిక్‌లో స్పష్టంగా కనిపిస్తాయి. మన శుభలేఖలు, కేకు దుకాణాల పేర్లు, ఫోటోగ్రాఫర్ల లోగోలు గమనించండి, ఎన్ని చోట్ల ఉందో చూసి ఆశ్చర్యపోతారు. దాని 'అండ్' గుర్తుని కూడా ఒకసారి నిదానంగా చూడాలి. లాటిన్‌లో 'మరియు' అనే అర్థమిచ్చే 'ఎట్' అనే రెండక్షరాలు కలిసిపోయి ఆ గుర్తు పుట్టింది. మామూలు అక్షరాల్లో ఆ సంగతి దాగిపోతుంది. ఇటాలిక్‌లో చాలాచోట్ల 'ఇ' వంపు, 'టి' అడ్డగీత బయటపడతాయి. నిటారు అక్షరాల శీర్షికలో కూడా ఆ ఒక్క గుర్తుని ఇటాలిక్‌లో పెట్టుకునే డిజైనర్లు అందుకే ఉన్నారు.

ఆ ఫాంట్ పేరులో 'డిస్‌ప్లే' అన్న మాట అలంకారం కాదు, హెచ్చరిక. పెద్ద సైజుకే వాడమని అర్థం. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక శుభలేఖ మీద పెళ్లివాళ్ల పేర్లు పెద్దగా బాగా వచ్చాయి కదా అని, తల్లిదండ్రుల పేర్లు కూడా అదే బోల్డ్ ఇటాలిక్‌లో 12 పాయింట్లలో పెట్టాను (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు). బంగారు ఫాయిల్ ముద్రణ. కార్డులు వచ్చాక చూస్తే పెద్ద పేర్లు ధగధగలాడుతున్నాయి, చిన్న పేర్లలో సన్నగీతలన్నీ ఎగిరిపోయి లావుగీతలు ముక్కలు ముక్కలుగా మిగిలాయి. ఒక పెద్దాయన పేరు చదవడానికి పెళ్లివారే తడుముకున్నారు. ఎందుకిలా అయిందో తర్వాత లెక్క వేసుకున్నాను. సన్నగీత మందం అక్షరం సైజులో నూరోవంతు అనుకుందాం. 72 పాయింట్ల అక్షరంలో అది 0.72 పాయింటు, అంటే పావు మిల్లీమీటరు. ఫాయిల్ దాన్ని పట్టుకుంటుంది. 12 పాయింట్లలో అదే గీత 0.04 మిల్లీమీటర్లు. గరుకు కాగితం మీద ఆ గీతకి నిలబడే చోటే లేదు. ఫోన్ తెర మీదా ఇదే కథ, చిన్న సైజులో సన్నగీతకి ఒక పిక్సెల్ కూడా పూర్తిగా దక్కదు. అప్పటి నుంచి 24 పాయింట్లకి తక్కువైతే ఈ జాతి అక్షరాన్ని ముట్టుకోను. చిన్నవాటికి జార్జియా ఫాంట్ లాంటి గట్టి సన్నగీత ఉన్న అక్షరాన్ని పక్కన పెట్టుకుంటాను.

వాడేటప్పుడు ఇంకొక్క విషయం మీద నాకు పట్టుదల ఉంది. బోల్డ్ ఇటాలిక్‌లో మాటంతా పెద్దక్షరాల్లో పెట్టకండి. ఆల్డస్ రోజుల నుంచీ ఇటాలిక్ అందమంతా చిన్నక్షరాల నడకలోనే ఉంది. అన్నీ పెద్దక్షరాలైతే ఆ నడక పోతుంది, గాలికి ఒరిగిన స్తంభాల వరుస మిగులుతుంది. నాలుగైదు మాటలు దాటినా అంతే, కన్ను అలసిపోతుంది. చివరి అక్షరం నిటారు కొటేషన్ గుర్తుకో, బ్రాకెట్‌కో తగులుతోందా అని కూడా చూసుకోవాలి. వాలిన అక్షరం కుడి భుజం అక్కడే గుద్దుకుంటుంది.

ఇక ఎడమ పేజీ, తెలుగు వైపు. అసలు చిక్కంతా ఇక్కడుంది. ఇంగ్లీషు పేర్లు వాలుగా ఉన్నాయి కాబట్టి తెలుగు పేర్లు కూడా వాల్చమని అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు, రెండు పేజీలు జతగా కనిపించాలని ఎవరికైనా ఉంటుంది. కానీ వేయడానికి తెలుగు ఇటాలిక్ దొరకడమే అరుదు. నోటో సెరిఫ్ తెలుగు అనే ఫాంట్‌లో బాగా సన్నం నుంచి బాగా లావు దాకా తొమ్మిది బరువులున్నాయి, ఇటాలిక్ ఒక్కటీ లేదు. సిలికానాంధ్ర వారు విడుదల చేసిన రామభద్ర శీర్షికలకి నిండుగా ఉండే అక్షరం, అదీ ఒకే రూపంలో దొరుకుతుంది. కాబట్టి ఇలాంటి ఫాంట్లలో 'ఐ' నొక్కినప్పుడల్లా మనకి వచ్చేది వంచిన అక్షరమే.

పైన 'ఓ'కి జరిగింది గుర్తు తెచ్చుకోండి. ఇంగ్లీషులో అలాంటి గుండ్రాలు కొన్ని, నిలువు గీతలు ఎక్కువ. తెలుగులో దాదాపు అన్నీ గుండ్రాలే. అంటే పేకముక్కల వాలు చేసే నష్టం ఇంగ్లీషు కంటే మనకే ఎక్కువ. సున్నా కోడిగుడ్డవుతుంది. తలకట్టు చూడండి. అందులో ఎడమవైపు చిన్న గీత దిగుతుంది, కుడివైపు పొడుగు గీత పైకి లేస్తుంది. కుడికి వాలిస్తే లేచే గీత ఇంకా సాగి సన్నబడుతుంది, దిగే గీత కుదించుకుని ముద్దకడుతుంది. నిటారుగా ఉన్నప్పుడే ముందుకు వాలి ఉన్న గీత అది. దానికి ఇంకో వాలు తగిలిస్తే పడుకున్నట్టు అవుతుంది.

వత్తుల సంగతి ఇంకా కష్టం. 'లక్ష్మి' అన్న మాట తీసుకుందాం, శుభలేఖల్లో ఎన్నోసార్లు వచ్చే పేరు. 'క' పైన గుడి, కింద ష వత్తు, దాని పక్కన మ వత్తు. 60 పాయింట్ల సైజులో 15 డిగ్రీలు వాలిస్తే, అడుగుగీతకి 40 పాయింట్ల ఎత్తున ఉన్న గుడి దాదాపు 11 పాయింట్లు కుడికి జరుగుతుంది. 25 పాయింట్ల లోతున ఉన్న వత్తు దాదాపు 7 పాయింట్లు ఎడమకి జరుగుతుంది. పైదానికీ కిందిదానికీ మధ్య 6 మిల్లీమీటర్లకి పైగా ఎడం వచ్చింది. ష వత్తు వెళ్లి 'ల' పొట్ట కింద దూరుతుంది. గుడి పక్కక్షరం నెత్తిన వాలుతుంది. ఏ వత్తు ఏ అక్షరానిదో ఒక్క క్షణం ఆగి చూసుకోవాల్సి వస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఒకే అంతస్తు ఇల్లు, వాలినా అంతగా తెలియదు. మనది మేడ మీద గది, కింద నేలమాళిగ ఉన్న ఇల్లు.

బోల్డ్ దగ్గరా మన దారి వేరు. తాటాకు మీద గంటంతో గీస్తే పాళీలా లావు, సన్నం రావు, గీతంతా ఒకటే మందం. కాబట్టి బరువు ఎక్కడ పెంచాలో చెప్పే పాత సంప్రదాయం మనకి ఇంగ్లీషుకి ఉన్నంత స్థిరంగా లేదు. అంతటా సమానంగా పెంచుకుంటూ పోతే 'ఘ', 'ఝ', 'ఋ' లాంటివాటి లోపలి ఖాళీలు ముందుగా మూసుకుపోతాయి.

అలాగని తెలుగులో ఇటాలిక్ ఆత్మ లేదని నేను ఒప్పుకోను. ఇటాలిక్ మూలం వేగంగా రాసే చెయ్యి అయితే, ఆ చెయ్యి మనకీ ఉంది. గొలుసుకట్టు రాత అదే కదా. కరణాలు లెక్కలు, దస్తావేజులు కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేస్తూ రాసిన రాత. ఇప్పుడు చదవగలిగేవాళ్లే తగ్గిపోయారు. గ్రిఫోకి వెనిస్ రాయసగాళ్ల రాత ఎలాంటిదో, తెలుగు టైపు గీసేవాళ్లకి గొలుసుకట్టు అలాంటిది కాగలదు. తలకట్టు చివర పక్క అక్షరం మొదటికి ఎలా దూకుతుంది, కలం ఎత్తలేని చోట వత్తు ఎలా మారుతుంది, ఇవన్నీ ఆ పాత కాగితాల్లో ఉన్నాయి. బాపు అక్షరాల్ని చూసినా ఇదే తోస్తుంది. ఆ రాతలో కుంచె నడక కనిపిస్తుంది, ఆధునికంగా ఉంటుంది, పూర్తిగా తెలుగుగా ఉంటుంది. ఆ చేతిరాత ఆధారంగా ఫాంట్లు కూడా వచ్చాయి. అలాంటి రాతని తీసుకుని, అక్షరాల మధ్య ముడులని గీసి, బరువెక్కించి, శీర్షిక సైజుకి సరిచేసిన ఒక నిండు తెలుగు అక్షరకుటుంబం కావాలి. కంప్యూటర్‌లో ఆ అక్షరాల పక్కన 'ఇటాలిక్' అని పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

అది వచ్చేదాకా ఏం చేయాలి? ఇంటర్నెట్ పేజీలు కట్టేవాళ్లకి ఒక చిన్న పని ఉంది. ఇటాలిక్ లేని తెలుగు ఫాంట్‌ని బ్రౌజర్ దానంతటదే వంచకుండా ఆపే ఆదేశం స్టైల్‌షీట్‌లో ఉంది, ఫాంట్ సింథసిస్ అంటారు. దాన్ని 'నన్' అని పెడితే చాలు. మాటని వేరుచేసి చూపాలంటే కొటేషన్ పెట్టొచ్చు, బరువు పెంచొచ్చు, రంగు మార్చొచ్చు. తెలుగు పాఠకుడికి అలవాటైన పద్ధతులే ఇవి.

ఈ శుభలేఖకి మాత్రం ఇంకో దారి పట్టాం. ఇంగ్లీషు వైపు రెండో ప్రూఫులోని అసలైన బోల్డ్ ఇటాలిక్ ఉంచేశాం. తెలుగు వైపు పేర్లు రాయించడానికి ఒకప్పుడు సినిమా బ్యానర్లు, కొట్ల బోర్డులు రాసిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఇంగ్లీషు ప్రూఫు చూపించాను. దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఇంత వాలు రాయాలా అబ్బాయ్?" అన్నారు.

"వద్దు బాబాయ్, మీ చెయ్యి ఎటు పోతే అటు రాయండి. గబగబా రాయండి, అంతే."

చి.ల.సౌ. అని చిన్నగా రాసి, పక్కన పేరు మూడుసార్లు రాశారు. మొదటి రెండూ బొద్దుగా, నిటారుగా వచ్చాయి. మూడోసారికి చెయ్యి వేడెక్కింది. 'ల' చివరి వంపు గాలిలో తేలి 'క్ష్మి' గుడిలోకి దిగింది. ష వత్తు 'క' కింది నుంచే లేచింది, కుంచె కాగితం వదల్లేదు. లావంతా దిగే గీతల్లో ఉంది, లేచే గీతల్లో కుంచె మొన మాత్రమే తగిలింది. ఇంటికొచ్చి స్కాన్ చేసి కోణం కొలిచాను. గుడి దగ్గర 5 డిగ్రీల వాలు వచ్చింది. వత్తు మాత్రం 'క' కిందే, ఉండాల్సిన చోటే ఉంది.